ఆఖర్న ఎక్కే మనిషి

ఆయన పోయారని నాకు ఎవరూ కబురు చెయ్యలేదు. ఆ బుధవారం అమలాపురం నర్సింగ్‌హోమ్ వరండాలో జనం తోసుకుంటుంటే తెలిసింది.

నెలకొక బుధవారం కాకినాడ నుంచి కిడ్నీ డాక్టరుగారు అక్కడికి వచ్చి మమ్మల్ని చూసేవారు. గది ఒకటే, తలుపు ఒకటే, జనం మాత్రం వరండా మెట్ల దాకా ఉండేవారు. అయినా అక్కడ ఎప్పుడూ తోపులాట ఉండేది కాదు. గుమ్మం పక్కన గోడకి వీపు ఆనించి నిలబడే ఒక రిటైరైన బస్సు కండక్టరు దానికి కారణం. "దిగేవాళ్ళని దిగనివ్వండి బాబూ, తరవాత ఎక్కుదురుగాని. ఆ చంటిబిడ్డ తల్లికి దారివ్వండి. పెద్దాయనా, చెయ్యి లోపలికి పెట్టుకోండి, తలుపేస్తే నలుగుద్ది." ఆ పని ఆయనకి ఎవరూ అప్పజెప్పలేదు. ఆయనా మాలాగే చూపించుకోవడానికి వచ్చిన రోగి. అందరూ చూపించుకున్నాక ఆఖర్న లోపలికి వెళ్ళేవారు.

ఆ బుధవారం గుమ్మం దగ్గర ఇద్దరు మగవాళ్ళు నేను ముందంటే నేను ముందని భుజాలు అడ్డం పెట్టుకున్నారు. లోపల్నుంచి సిస్టరు వచ్చి "ఏంటండీ ఇది, సినిమా హాలా?" అని కసిరింది. నేను గోడవైపు చూశాను. ఆయన వీపు ఆని ఆని సున్నం మీద పడిన జిడ్డు మరక ఉంది. ఆయన లేరు.

"కండక్టరుగారు రాలేదేం?" అని పక్కనున్నావిడని అడిగాను.

"మీకు తెలీదాండి? క్రితం వారం పోయేరండి. పొద్దున్నే పళ్ళు తోముకుంటా పడిపోయేరంట. పక్షవాతం. రాజమండ్రి తీసుకెళ్తుంటే దార్లోనే..."

నా వంతు వచ్చింది. లోపలికి వెళ్ళి కూర్చున్నాను. డాక్టరుగారు బీపీ చూసి "చాలా బాగుందమ్మా" అన్నారు. ఏళ్ళ తరబడి ఆ గదిలో నేను విన్న మాటే అది. ఆ రోజు మాత్రం దొంగసొమ్ముతో పట్టుబడ్డ మనిషిలా తల దించుకున్నాను.

*

నేను లెక్కల టీచరుగా చేసి రిటైరైనదాన్ని. తారీఖులు రాసి పెట్టుకోవడం, కూడికలు రెండోసారి సరిచూడటం నాకు పుట్టుకతో వచ్చిన జబ్బు. కిడ్నీకి నెత్తురు తీసుకెళ్ళే రక్తనాళం సన్నబడటం మాత్రం అరవై దాటాక వచ్చింది. దానివల్ల బీపీ ఎంతకీ దిగదు, కిడ్నీ మెల్లగా ఎండిపోతుంది. కాకినాడలో డాక్టరుగారు చిక్కుడుగింజలాంటి బొమ్మ గీసి చెప్పారు. వైద్యం రెండు రకాలు. తొడ మొదట్లోంచి సన్నని తీగ పంపి, సన్నబడిన చోట బుడగతో వెడల్పు చేసి, మళ్ళీ మూసుకోకుండా జాలీలాంటి చిన్న గొట్టం పెట్టి, పైన మాత్రలు కూడా వాడటం ఒకటి. గొట్టం లేకుండా వట్టి మాత్రలు వాడటం రెండోది.

"ఈ రెండిట్లో ఏది మంచిది?" అన్నాను.

"తెలీదమ్మా."

"మీకే తెలియకపోతే నన్నెందుకు అడుగుతున్నారు?"

ఆయన నవ్వారు. కుర్రవాడు, ఓపిక ఉంది. చాలా దేశాల్లో, చాలా ఆసుపత్రుల్లో, ఈ జబ్బున్న వాళ్ళని పోగుచేసి, సగం మందికి గొట్టం, సగం మందికి వట్టి మాత్రలు ఇచ్చి కొన్నేళ్ళపాటు గమనిస్తారట. దాన్ని ట్రయల్ అంటారట. ఎవరికి ఏది అన్నది డాక్టరు ఎంచడు. "నేను ఎంచితే, నాకు తెలియకుండానే గట్టిగా ఉన్నవాళ్ళని గొట్టానికి పంపేస్తానమ్మా. ఆఖర్న వాళ్ళు బాగుంటే అది గొట్టం గొప్పా, మనిషి గట్టిదనమా, ఎవరు చెప్పగలరు? అందుకని కంప్యూటరు చీటీ తీస్తుంది."

ఆ మాట నాకు నచ్చింది. నా జీవితంలో వైద్యుడి నోట విన్న మొదటి లెక్కల మాట అది. ఒప్పుకున్నాను. ఆరోజు కాకినాడ ఆసుపత్రి వరండాలో నాకంటే ముందు ఒప్పుకుని కూర్చున్న మనిషి, నిజానికి కూర్చోకుండా నిలబడ్డ మనిషి, ఈ కండక్టరుగారు.

పొట్టిగా, నల్లగా, ఇస్త్రీ చేసిన ఖాకీ ప్యాంటు మీద తెల్ల చొక్కాతో ఉన్నారు. కుర్చీ ఖాళీగా ఉన్నా నిలబడే ఉన్నారు. మాకు ముందు లోపలికి వెళ్ళిన ముసలాయన బయటికొచ్చి "నాకు మాత్రలు పడ్డాయండోయ్" అని అందరికీ చెప్పాడు. "మాత్రలేనాండి? గొట్టం లేదాండి?" అని కండక్టరుగారు రెండుసార్లు అడిగి తెలుసుకున్నారు. తరవాత నావైపు తిరిగారు.

"మీదే ఊరండి?"

"అమలాపురం."

"కోటిపల్లి రేవు మీదా?"

యానాం దగ్గర వంతెన ఇంకా పూర్తికాని రోజులు. అమలాపురం వాళ్ళం కాకినాడ నుంచి కోటిపల్లి వచ్చి, పంటు ఎక్కి గోదావరి దాటి, ముక్తేశ్వరంలో దిగాలి. అవునన్నాను.

"అయితే మీరు ముందెళ్ళండి. నాది కొత్తపేట. నాకు మండపేట మీద, రావులపాలెం మీద బోల్డన్ని బస్సులండి. మీకు పంటు దాటిపోద్ది."

"వరస మీది కదండీ."

"కండక్టరు ఆఖర్న ఎక్కుతాడండి. ఆయ్. వెళ్ళండి వెళ్ళండి. రైట్!" అని చెయ్యి ఊపారు. వరండాలో వాళ్ళు నవ్వారు. నేనూ నవ్వుకుంటూ లోపలికి వెళ్ళాను.

సిస్టరు ఎక్కడికో ఫోను చేసి నా పేరు, వయసు చెప్పింది. అవతల్నుంచి జవాబు వచ్చింది. నాకు గొట్టం. నేను బయటికొస్తుంటే ఆయన లోపలికి వెళ్ళారు. చెప్పులు వేసుకునేసరికే బయటికి వచ్చేశారు. మాత్రలు.

"మీకేమొచ్చిందండి?" అన్నారు.

"గొట్టం."

ఆయన మొహంలో ఏదో కదిలింది. నేను దాన్ని నిరాశ అనుకున్నాను. ఆ రోజుల్లో మా అందరికీ గొట్టమంటే పెద్ద వైద్యం, మాత్రలంటే చిన్న వైద్యం. "మంచిదండి" అన్నారు. నా సంచి అందుకుని బస్టాండు ఆటో దాకా తెచ్చి, ఆటోవాడితో నాకు బదులు తనే బేరమాడి, నన్ను ఎక్కించి పంపారు.

*

ఆ చీటీ ఎలా తీస్తారో తెలుసుకోకుండా ఉంటే బాగుండేది. ఉండలేకపోయాను. తరవాత వెళ్ళినప్పుడు సిస్టర్ని అడిగాను.

"అప్పటికప్పుడు తీసేది కాదండి. ముందే వరస వేసి పెట్టేస్తారంట. పేర్లు ఏ వరసలో వెళ్తే ఆ వరసలో చెప్తారండి."

"అంటే ఆరోజు నాకంటే ముందు ఇంకొకరి పేరు వెళ్ళుంటే?"

"మీది వాళ్ళకి, వాళ్ళది మీకు వచ్చేదండి. ఆయ్, అంతే." ఆ అమ్మాయి తన పని తనకి బాగా తెలుసన్న సంతోషంతో చెప్పింది.

వరసలో ముందు నిలబడినా వెనక నిలబడినా, చీటీ విప్పేదాకా ఇద్దరి అవకాశమూ సమానమే. ఈ పాఠం నేను రూపాయి నాణెం ఎగరేసి ఎన్ని తరగతులకి చెప్పానో. కాని చీటీ విప్పాక అవకాశం అన్న మాటే ఉండదు. ఉన్నది ఒక గొట్టం. అది ఆయన చోటుకి రావలసింది. ఆయన పక్కకి జరిగితే నాకు వచ్చింది. ఎన్నిసార్లు చేసినా ఈ లెక్కకి ఇదే జవాబు వచ్చేది.

గొట్టం వేసిన సాయంత్రం తొడ దగ్గర తీగ గుచ్చిన చోట నెత్తురు ఆగలేదు. కాలంతా నల్లగా కమిలిపోయింది. అనుకున్నదానికంటే ఎక్కువ రోజులు ఆసుపత్రిలో ఉంచారు. కబురు ఎలా తెలిసిందో, ఆయన కొత్తపేట నుంచి చక్రకేళీ అరటిపళ్ళ అత్తం పట్టుకుని వచ్చారు. మంచం పక్కన నిలబడ్డారు.

"కూర్చోండి."

"సీట్లు ఖాళీ లేవులెండి" అన్నారు ఖాళీ కుర్చీ చూస్తూ. నవ్వించడానికి అన్నారు కాని తను నవ్వలేదు. "నొప్పిగా ఉందాండి?" అన్నారు. లేదన్నాను. కాసేపాగి మళ్ళీ "నొప్పేమన్నా ఉందాండి?" అన్నారు. మంచం కమ్మీ పట్టుకున్న ఆయన చెయ్యి చూస్తున్నాను. బొటనవేలు, చూపుడువేలు అస్తమానూ ఒకదానితో ఒకటి రాసుకునేవి. ఇన్నేళ్ళు టికెట్లు చింపిన వేళ్ళు. నా మొహంలోకి మాత్రం చూడలేదు. తనకి రావలసింది నాకు వచ్చినా, నాకోసం రెండు బస్సులు మారి వచ్చాడే, ఎంత పెద్ద మనసు అనుకున్నాను. ఆయన వెళ్ళాక ఆ అరటిపళ్ళు ఒక్కటీ తినలేదు. పక్క మంచం ఆవిడకి ఇచ్చేశాను.

*

ఆ కమిలింది తగ్గింది. బీపీ దిగింది. నాలుగు నెలల్లో నేను డాబా మెట్లు ఆయాసం లేకుండా ఎక్కేదాన్ని. ఆ తరవాత నుంచి నెలకొక బుధవారం అమలాపురంలోనే చూపించుకోవడం మొదలైంది. కొత్తపేట నుంచి వచ్చే బస్సు దిగి ఆయన నేరుగా వరండాలోకి వచ్చేవారు. చంకలో గుడ్డ సంచి, అందులో పాత టికెట్ల ట్రే. మిషన్లు రాకముందు కండక్టర్లు రేటుకొక రంగు టికెట్ల కట్టలు క్లిప్పు కింద పెట్టుకుని చేతిలో పట్టుకునే ట్రే అది. రిటైరయ్యాక దాన్ని ఎలా తెచ్చుకున్నారో అడిగితే "ఆఫీసోళ్ళు పారేస్తుంటే దత్తత తీసుకున్నానండి" అనేవారు. ఆ అరల్లో ఇప్పుడు మాత్రలుండేవి. పొద్దున్నవి తెల్లటివి ఒక అరలో, రాత్రివి గులాబీరంగువి మరో అరలో. వేసుకునే ముందు వేలు నాలిక్కి తడుపుకుని, టికెట్టు చింపినట్టే కట్టలోంచి ఒక మాత్ర చింపేవారు.

మాత్రలు మానేసేవాళ్ళంటే ఆయనకి పడేది కాదు. మాతో వచ్చే ఒక కొబ్బరితోటల కామందుగారు, బీపీ దిగిందనిపిస్తే మాత్రలు ఆపేసే మనిషి, ఒకరోజు దొరికిపోయారు.

"ఏవండీ, టికెట్టు కొనకుండా ప్రయాణం చేస్తున్నారంట?"

"నాకేం ఉందయ్యా, గుండ్రాయిలా ఉంటేను!"

"ఎక్కినోళ్ళంతా అదే అంటారండి. చెకింగోళ్ళు ఏ స్టేజీలో ఎక్కుతారో ఎవరికి తెల్సండి? దింపేత్తే మళ్ళీ బస్సుండదు."

కామందుగారు "నువ్వు రిటైరైనా నీ నోరు రిటైరవలేదయ్యా" అని విసుక్కుంటూనే జేబులోంచి మాత్ర తీసి వేసుకున్నారు. కూజాలో నీళ్ళు వంచి ఇచ్చింది కండక్టరుగారే.

కొత్తగా వచ్చిన రోగులకి ఈ జబ్బేమిటో డాక్టరుకంటే ముందు ఆయనే చెప్పేవారు. "బస్సుకి ఒకటే తలుపండి, అందులోనూ సగం మూసుకుపోయింది. బయట జనం. ఏం చేత్తారు? తోస్తారు. ఆ తోపుడే బీపీ. లోపలున్న డ్రైవరు, అంటే మన కిడ్నీ అన్నమాట, జనం ఎక్కలేదనుకుని ఇంకా రమ్మని హారను కొడతాడండి. ఇంకా తోస్తారు." డాక్టరుగారు ఒకసారి ఇది విని, తన బొమ్మకంటే ఇదే నయమన్నారు. ఆ పొగడ్తకి ఆయన సిగ్గుపడి గోడకి ఇంకా దగ్గరగా ఒదిగిపోయారు.

ఇవన్నీ అయ్యాక, ప్రతినెలా, నా దగ్గరికి వచ్చేవారు. గొంతు తగ్గించేవారు.

"గొట్టం ఎలా ఉందండి టీచరుగారూ?"

నా జవాబు కూడా ప్రతినెలా ఒకటే. "ఏదోనండి. అలా ఉంది."

ఇంకేమనగలను? ఆయన బీపీ ఒకనెల దిగితే ఒకనెల ఎగిరేది. గాలివానకి పక్కవాళ్ళ చేను పడిపోయినప్పుడు గట్టు మీద నిలబడి మా చేను నిక్షేపంగా ఉందని మా వైపు ఎవరూ అనరు. మనది కూడా ఏదో అంతంతమాత్రం అంటాం. అది అబద్ధం కింద లెక్క కాదు, మర్యాద. ఆయన ఎదురుగా మెట్లు గబగబా ఎక్కేదాన్ని కూడా కాదు, కమ్మీ పట్టుకుని నెమ్మదిగా ఎక్కేదాన్ని. ఒకసారి "మునుపటిమీద నయమేనాండి?" అని గుచ్చి అడిగితే, "ఈ వయసులో నయమేముందండి, రోజులు వెళ్ళిపోతున్నాయి" అన్నాను. ఆయన "ఆయ్" అని తల ఊపి, తన చోటికి పోయి నిలబడ్డారు.

నావల్ల జరిగినదాన్ని సరిచెయ్యాలని ఒకసారి డాక్టరుగారిని అడిగాను. కండక్టరుగారికి కూడా గొట్టం వెయ్యకూడదా అని. కిడ్నీ దెబ్బతింటున్నా, బీపీ మాత్రలకి లొంగకపోయినా వేస్తామనీ, ప్రస్తుతం ఆ అవసరం కనబడటం లేదనీ చెప్పారు. "అయినా అమ్మా, ఈ ట్రయల్‌లోంచి ఎప్పుడు తప్పుకోవాలన్నా ఆయన ఇష్టం. తప్పుకున్నా నేను చూడటం మాననని ఆయనకీ చెప్పాను." నేను వరండాలోకి వచ్చి కండక్టరుగారితో అన్నాను.

"మీరు ట్రయల్‌లోంచి బయటికి వచ్చేసి గొట్టం వేయించుకోండి. తప్పుకున్నా చూడటం మాననన్నారు డాక్టరుగారు."

ఆయన గుడ్డ సంచి రెండు చేతులతో గుండెలకి హత్తుకున్నారు. "వద్దండి టీచరుగారూ. నాకు పడింది నేను మోస్తానండి." ఒక్క క్షణం ఆగారు. "మీకు పడిందే..." అని, ఆ మాట మింగేసి, "మీకేదన్నా ఇబ్బందైతే దాచుకోకండి. నాతో చెప్పండి. డాక్టరుగారితో నేను పోట్లాడతాను" అన్నారు.

తనకి దక్కనిదాని గురించి అడుగుతుంటే, దక్కిన నా గురించి ఆలోచిస్తున్నాడే అని ఆ రాత్రంతా బాధపడ్డాను. పైనెల బుధవారం ఇంకొంచెం నీరసంగా కనిపించాను.

*

ఆయన పోయాక కొత్తపేట వెళ్ళాలనుకున్నాను. వెళ్ళలేదు. ఆ ఇంటావిడ మొహం చూసి ఏమనాలి? మీ ఆయన గొట్టం నా ఒంట్లో ఉందండీ, నేను బాగున్నానండీ అనా? ప్రతి ఉదయం బీపీ చూసుకుని అంకె వేసుకునేటప్పుడు, అది ఎంత బాగుంటే అంత చేదుగా ఉండేది. ఆయన పక్షవాతంతో పోయారు. బీపీ వల్లనే కదా పక్షవాతం. ముందు ఆయన పేరు వెళ్ళి ఉంటే, అన్న దగ్గరే ప్రతి రోజూ లెక్క ఆగిపోయేది.

కొన్ని నెలలు గడిచాక ఒక బుధవారం డాక్టరుగారు ఎవరినీ విడిగా పిలవలేదు. అందరినీ లోపలికి రమ్మని, సిస్టరు చేత కుర్చీలు వేయించి, తను నిలబడి చెప్పారు. ట్రయల్ ఫలితం వచ్చిందట. గొట్టమూ మాత్రలూ రెండూ ఇచ్చినవాళ్ళకీ, వట్టి మాత్రల మీద ఉన్నవాళ్ళకీ, చెప్పుకోదగ్గ తేడా ఏమీ కనబడలేదట. కిడ్నీలు పాడవడంలో గాని, గుండెపోటుల్లో గాని, పక్షవాతాల్లో గాని, మరణాల్లో గాని. పైగా గొట్టం వేసేటప్పుడు కొందరికి హాని జరిగిందట.

కామందుగారికి కోపం వచ్చింది. "తేడా లేదని చెప్పడానికా అండీ, ఇన్నేళ్ళు మమ్మల్ని తిప్పేరు?"

"అవునండి" అన్నారు డాక్టరుగారు. "ఇదివరకు ఇలాంటివాళ్ళు వస్తే గొట్టం వేస్తేనే మంచిదనుకుని చాలామందికి వేసేవాళ్ళం. ఇక ముందు అక్కర్లేనివాళ్ళకి వెయ్యం. అది మీవల్ల తేలింది. మీకూ, ఇవాళ ఇక్కడ లేనివాళ్ళకీ దణ్ణం పెట్టాలి." నిజంగానే చేతులు జోడించారు.

అందరూ వెళ్ళాక నేను ఆగాను.

"అయితే కండక్టరుగారికి గొట్టం వేసి ఉన్నా పోయేవారే అంటారా?"

"అలా అనలేనమ్మా. ఇది అంతమంది మీద తేల్చిన మాట. ఒక్క మనిషి సంగతి చెప్పదు."

"తరగతి సగటు చూసి ఒక పిల్లవాడి మార్కు చెప్పలేం. తెలుసు."

"తెలిసే అడిగారా?"

"తెలిసే."

అయినా నాకు ఊపిరి ఆడింది. పక్కకి జరిగినందువల్ల ఆయన పోగొట్టుకున్నది ఏమీ లేదని రుజువు కాకపోయినా, పోగొట్టుకున్నారని చెప్పడానికి ఇక ఆధారం లేదు. ఆ ఒక్క ముక్క ఆ ఇంటావిడకి చెప్పి రావాలని మర్నాడే కొత్తపేట బస్సు ఎక్కాను.

*

చర్చి వెనక వీధిలో పెంకుటిల్లు. ఆవిడ అరుగు మీద కూర్చుని కొబ్బరి ఈనెలు చీరుతున్నారు. నేనెవరో చెప్పకముందే లేచి నిలబడ్డారు.

"టీచరుగారేనాండి? రండి రండి. ఆయన చెప్పినట్టే ఉన్నారు. కళ్ళజోడు తాడుతో సహా."

లోపల గూట్లో టికెట్ల ట్రే ఉంది. మాత్రల బదులు అందులో ఇప్పుడు దారపు ఉండలు ఉన్నాయి. ఆవిడ ఈనెల కట్ట లోపలికే తెచ్చుకుని కూర్చున్నారు. కాఫీ తాగాక నేను చెప్పవలసింది చెప్పాను. నేర్చుకుని వెళ్ళిన పాఠంలా వరసగా చెప్పాను. ఆరోజు ఆయన తన వంతు నాకు ఇచ్చిన సంగతి, ఆ వంతుకి గొట్టం రావడం, ఇన్నేళ్ళూ నాకు అది మనసులో గుచ్చుకోవడం, ఇప్పుడు తేడా లేదని తేలడం. ఆవిడ ఈనెలు చీరడం ఆపేసి విన్నారు. తరవాత చాలాసేపు తల అడ్డంగా ఊపారు.

"అయ్యో, మీరిలా అనుకున్నారాండి? పంటు దాటిపోద్దని ఇవ్వలేదండి ఆయన. భయమేసి ఇచ్చేరు."

నాకు అర్థం కాలేదు.

"సూదంటేనే ఆమడ దూరం పారిపోయే మనిషండి. తొడలోంచి తీగ పంపుతారంటే ఇంకేముంది. ఆరోజు ముందు వెళ్ళినాయనకి మాత్రలు పడ్డాయంట కదండి. ఒకటి మాత్రలైతే తరవాతది గొట్టమే అయ్యుంటుంది, నా మీదికే వస్తుందనుకున్నారంట. ఈలోగా మీరు కనిపించేరు, రేవు దాటే మనిషి. వంక దొరికింది."

ఆ లెక్క తప్పు. ముందు ఏది పడినా తరవాతి చీటీకి దాంతో పని లేదు. ఏ విద్యార్థి రాసినా అడ్డంగా కొట్టేసేదాన్ని. కాని ఆరోజు ఆ తప్పు లెక్కకి సరైన జవాబు వచ్చింది.

"మీకు నెత్తురు ఆగలేదని తెలిసి మూడ్రోజులు అన్నం ముట్టలేదండి. నా గొట్టం ఆవిడ నెత్తిన పెట్టేనే, ఆడకూతురు అని కూడా చూళ్ళేదే అని ఒకటే ఏడుపు. పళ్ళు పట్టుకెళ్ళి, నిజం చెప్పి చేతులు పట్టుకుంటానని బయల్దేరేరు. చెప్పలేక తిరిగొచ్చేరు."

"తరవాతైనా..."

"మీరు కోలుకున్నాక చెబుతాననేవారండి. ఒక్కసారి, బాగున్నానండి కండక్టరుగారూ అని ఆవిడ నోటంట వస్తే చాలు, అన్నీ చెప్పేస్తాను, తిట్టినా పడతాను అనేవారు. బుధవారం వచ్చేసరికి నేను ఎదురుచూసేదాన్నండి. బస్సు దిగి వచ్చి చెప్పులు విడుస్తా, పాపం టీచరుగారికి ఇంకా కుదుటపళ్ళేదే అనేవారు. మెట్లు కూడా పట్టుకుని ఎక్కుతోందే అనేవారు. ఆ రాత్రి కంచం ముందు కూర్చుని లేచిపోయేవారు. ప్రతి నెలా ఇదే వరసండి, ఆఖరి నెల దాకా."

దిగులుకీ బీపీకీ మధ్య లెక్క ఎంతో ఆ ట్రయల్‌లో ఎవరూ కట్టలేదు. నేను గూట్లో దారపు ఉండల వంక చూస్తూ కూర్చున్నాను. అమలాపురం నుంచి ఒక అప్పు తీరిందని చెప్పడానికి వచ్చాను. అది ఎన్నడూ లేని అప్పు. అసలుది ఇక్కడ, ఈ గదిలో, నెల నెలా నా నోటి మర్యాదతో నేనే పెంచుతూ వచ్చాను.

ఆవిడ నా కాఫీ గ్లాసు తీసుకుంటూ, ఆయన అడిగినంత మెల్లగానే అడిగారు.

"ఇప్పుడెలా ఉందండి, ఆ గొట్టం?"

"బాగుందండి" అన్నాను. "మొదటి నాలుగు నెలలు పోతే, ఎప్పుడూ బాగానే ఉంది."

ఆవిడ గ్లాసు పట్టుకుని గుమ్మంలో ఆగిపోయారు. నా మొహంలోకి చూశారు. కోపం లేదు. నిజంగా తెలియక, తెలుసుకుందామనే అడిగారు.

"మరి ఆయనకెందుకు చెప్పలేదండి?"